చిట్టి ఇటుక నవ్వు

"మళ్ళీ వచ్చాడు సార్, మన బెంచీ బాబాయ్," అన్నాడు సౌండ్ ఇంజినీరు తలుపు సందులోంచి చూసి.

డబ్బింగ్ డైరెక్టర్ విసుక్కున్నాడు. "ఆ మనిషికి వేరే పనీ పాటా లేదా?"

ఆ స్టూడియోలో పిల్లల సినిమా ఒకదానికి డబ్బింగ్ జరుగుతోంది. బొమ్మ ఇటుకలతో కట్టిన రాజ్యం. ఇటుకల మనుషులు, ఇటుకల గుర్రాలు, ఇటుకల సముద్రం.

హీరో పేరు చిట్టి ఇటుక. కోట మీంచి పడతాడు, ఫిరంగి గుండుకు ఎదురెళ్తాడు, ముక్కముక్కలైపోతాడు. ప్రతిసారీ కిలకిలా నవ్వి, తనంతట తానే అతుక్కుని లేస్తాడు. సినిమాకి ప్రాణమంతా ఆ నవ్వే.

ఆ నవ్వు నవ్విన పిల్ల చివరి రీలు మిగిలి ఉండగా రావడం మానేసింది. పిల్లని రోజూ వెంటబెట్టుకొచ్చే పిన్ని ఫోన్ ఎత్తడం మానేసింది.

"కళ్ళు నెత్తికెక్కాయి," అని తేల్చేశాడు డైరెక్టర్. "ఇంకెక్కడో పెద్ద ఛాన్సు తగిలుంటుంది."

ఇక బయట బెంచీ మీది మనిషి. లారీ డ్రైవరట. వచ్చింది మొదలు ఒకటే అడుగుతున్నాడు.

"ఆ చిట్టి ఇటుక నవ్వే చోటు ఒక్కసారి వినిపిస్తారా సార్? విని వెళ్ళిపోతాను."

"ఎందుకట?" అన్నాడు ఇంజినీరు.

"మా పాప..." అని ఆగిపోయాడు.

ఇంజినీరు పగలబడి నవ్వాడు. ఛాన్సుల కోసం తిరిగే అమ్మానాన్నలందరూ చేసే పనే అది. ఇక్కడి గొంతు వింటారు, ఇంటికి పోయి పిల్లలకు బట్టీ పట్టిస్తారు, మర్నాడు చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు.

"విని మీ పాపకి నేర్పిద్దామనా? ఆ పప్పులేం ఇక్కడ ఉడకవు బాబాయ్. సినిమా వచ్చాక టిక్కెట్టు కొనుక్కుని, మీ పాపని పక్కన కూర్చోబెట్టుకుని తీరిగ్గా విను."

అతను వెనక్కి తిరిగాడు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నవ్వు కాస్త బయటికి వచ్చేది. అతను మెడ చాచేవాడు. అది కనిపెట్టాక ఇంజినీరుకి మంచి కాలక్షేపం దొరికింది. కావాలనే తలుపు కొంచెం తెరిచేవాడు. అతను ముందుకు వంగేదాకా ఆగి, దబాలున మూసేవాడు. లోపల అందరూ ఒకటే నవ్వు.

ఆ రోజు కొత్త పాపని రప్పించారు. పాప తల్లి వచ్చి బెంచీ మీద కూర్చుని, అతనూ ఛాన్సు కోసమే వచ్చాడనుకుని పలకరించింది.

"మీ పాపని తీసుకురాలేదేం అన్నయ్యా?"

"రాదమ్మా."

"మొండిదా?"

"కాదమ్మా. బాగా నవ్వుతుంది."

"అయితే మా దానికి పోటీయే," అంటూ ఆవిడ మొహం ముడుచుకుని అవతలికి జరిగింది.

డైరెక్టర్ లోపలికి వెళ్తూ బెంచీ దగ్గర ఆగాడు.

"సాయంత్రం దాకా కూర్చో. నవ్వంతా వినిపిస్తాను," అన్నాడు, ఇంజినీరుకి కన్ను కొడుతూ.

అతను లేచి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. "మీ మేలు మర్చిపోను సార్."

లోపలికి వెళ్ళగానే డైరెక్టర్ అన్నాడు. "పాత గొంతు మొత్తం చెరిపెయ్."

"కొత్తది సరిగ్గా వచ్చాక కదా సార్ పాతది తీసేది? మన పద్ధతి అదే కదా."

"నాకు నేర్పకు. రేపో మాపో ఆ పిన్ని ఏడుస్తూ వస్తుంది చూడు. వచ్చేసరికి ఆ పిల్లది దగ్గు కూడా ఇక్కడ మిగలకూడదు."

ఇంజినీరు చెరిపేశాడు. విడిగా దాచిన కాపీ కూడా చెరిపేశాడు. డైరెక్టర్‌కి కడుపు చల్లబడింది.

కొత్త పాప మైకు ముందు నిలబడింది. తెర మీద చిట్టి ఇటుక గాలిమర మీంచి పడి ముక్కలయ్యాడు. పాప నవ్వింది. దగ్గులా ఉంది. మళ్ళీ నవ్వించారు. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది.

"నవ్వమంటే ఏడుస్తావేం?" అని అరిచాడు డైరెక్టర్.

పాప నిజంగానే ఏడుపు లంకించుకుని, తలుపు తోసుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తింది. తల్లి దాన్ని ఎత్తుకుని, తిట్టుకుంటూ మెట్లు దిగిపోయింది. తలుపు తెరిచే ఉండిపోయింది.

తెర మీద చిట్టి ఇటుక నోరు తెరిచి నవ్వుతూనే ఉన్నాడు. చప్పుడు లేదు.

"చిట్టి ఇటుక పడేముందు ఆ పిల్ల భయపడ్డట్టు చిన్నగా ఊపిరి పీల్చి, ఆ తర్వాత నవ్వేది సార్," అన్నాడు ఇంజినీరు నెమ్మదిగా. "అది ఇంకెవరికీ రాదు."

డైరెక్టర్ కాసేపు జుట్టు పీక్కున్నాడు. చివరికి ఫోన్ తీశాడు.

"ఆ పిన్నికే చేస్తాను. రెండు చివాట్లు పెట్టి, ఓ చాక్లెట్టు ఇస్తే ఆ పిల్లే మళ్ళీ నవ్వుతుంది."

అవతల ఫోన్ మోగింది. ఆ మోత బయట బెంచీ మీంచే వినిపించింది. డైరెక్టర్ పట్టించుకోలేదు.

"ఏమ్మా, పొగరు దిగిందా? పిల్లని రేపే పంపించు," అన్నాడు, అవతల ఎత్తగానే.

బెంచీ మీది మనిషి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇది వాళ్ళ పిన్ని ఫోనండీ, నా దగ్గరుంది," అన్నాడు. "పాప నా కూతురే సార్... జ్వరమొచ్చి, నేను లారీ దిగి వచ్చేలోపే పోయింది, గొంతైనా మీ దగ్గర మిగిలుంటుందని వచ్చాను."