ఎడమచేతి రొట్టె

పరీక్ష మొదలై మూడు నిమిషాలు దాటింది. బెగయిమ్ ఇంకా బొమ్మ ముందు అలాగే నిలబడి ఉంది. నోరు పెగలడం లేదు.

అది నిలువెత్తు ప్లాస్టిక్ బొమ్మ. దానికి గుండెనొప్పి వచ్చిందనుకోవాలి. అంబులెన్స్‌లో ఇళ్ళకు వెళ్ళి ప్రాణం నిలబెట్టే ఫెల్షర్ కావాలంటే పన్నెండు నిమిషాల్లో దాన్ని బతికించి చూపించాలి. బెగయిమ్ ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే నారిన్ పట్టణంలోని ఈ కాలేజీ నుంచి పేరు కొట్టేస్తారు. కనుమకు అవతలున్న వాళ్ళ ఊళ్ళో రెండు శీతాకాలాలుగా ఫెల్షర్ లేడు. మంచు పడ్డాక బయటివాళ్ళెవరూ అక్కడికి పోలేరు.

గోడ పక్కన సాగిన్‌బెక్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఫెల్షర్ కోర్సుకు పెద్ద ఆయనే. పంతొమ్మిదేళ్ళుగా ఎన్ని బ్యాచ్‌లు మారినా పిల్లలందరికీ ఆయన 'అగాయ్', అంటే మాస్టారు. ఆసుపత్రి వార్డులో ఈ పిల్ల ముసలాళ్ళను ఎలా మాటల్లో పెట్టి సూది వేస్తుందో ఆయన కళ్ళారా చూశాడు. ఇక ఆగలేక, రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన పరీక్షాధికారి తాలాయ్‌బెక్ చెవి దగ్గరికి వంగాడు.

"ఈ పిల్లకి బొమ్మతో మాట్లాడ్డం చేతకాదండీ. బతికున్న మనిషిని ఇవ్వండి, చూపిస్తుంది. పోనీ, నేను పడుకుంటాను."

"రూల్లో బొమ్మ అని ఉంది. అయినా మీరు పడుకుంటే ఆ పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది," అన్నాడు తాలాయ్‌బెక్, గడియారం మీది నుంచి చూపు తిప్పకుండా.

పరీక్ష గదిని అచ్చం ఇల్లులా సర్దారు. నేల మీద ఊలు పరుపు, పొట్టి బల్ల, టీ, గుండ్రటి రొట్టె. ఆ ఇంటి ముసలమ్మ వేషం ఏటా కాలేజీ వంటమనిషి సోనున్ అపాదే. అపా అంటే అమ్మ. రోగి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎంత తొందరలో ఉన్నా రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా గడప దాటకూడదు, దాటితే ఆ ఇంటివాళ్ళు ఇంకోసారి పిలవరు. అగాయ్ చెప్పే మొదటి పాఠం అదే. ఆ రొట్టె ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి చాపిన పిల్లల మణికట్టు మీద అపా గరిటె పడని ఏడాది లేదు.

వాళ్ళిద్దరి పక్కనే కూర్చున్న అపా టీ పోసింది. రొట్టె తుంచి ముందు అధికారికి ఇచ్చింది. ఆయన గడియారం చూస్తూనే ఓ కొస కొరికాడు. అగాయ్ కూడా బొమ్మ వైపే చూస్తూ అందుకుని నోట్లో వేసుకున్నాడు. మూడో ముక్క బెగయిమ్ వైపు చాపింది.

బెగయిమ్ రొట్టె తీసుకోలేదు. చాపిన ఆ ఎడమ చెయ్యే పట్టుకుంది.

"అపా, కుడిచేతికి ఏమైంది?"

అపా ఏదో గొణిగింది. మాట ముద్దగా వచ్చింది.

అంతే, ఆ పిల్ల బొమ్మను వదిలేసి అపా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రోగి అక్కడుంది, ఇక్కడ కాదు అని అధికారి రెండుసార్లు చెప్పాడు. వినకపోయేసరికి కాగితం మీద సున్నా చుట్టాడు. బెగయిమ్ అపాను నవ్వమంది. మూతి ఒక పక్కకే పోయింది. రెండు చేతులూ ఎత్తమంది. కుడిచెయ్యి తడిగుడ్డలా జారి ఒళ్ళో పడింది. ఎప్పటినుంచి ఇలా ఉంది, ఏ మందులు మింగుతున్నావు అని అడుగుతూనే, గొంతుకు అడ్డం పడుతుందని టీ కప్పు లాగేసింది. బీపీ చూసింది. వేలికొన గుచ్చి షుగర్ చూసింది. టైము తన అరచేతిలో రాసుకుంది. ఇంతసేపూ పెగలని నోరు ఇప్పుడు ఆగడం లేదు.

"భయపడకు అపా, నేనున్నాగా. నా కళ్ళల్లోకి చూడు." అగాయ్ వైపు తిరిగింది. "మెదడుకు రక్తం ఆగినట్టుంది అగాయ్. బండి తెప్పించండి. బొమ్మ సంగతి తర్వాత."

అగాయ్ డ్రైవర్‌కు చెయ్యూపాడు. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్నే తనకు టీ పోసిన చెయ్యి అది. అది పైకి లేవకపోతే తను చూడలేదు. రొట్టె ఇంకా నాలుక మీదే ఉంది.

కాలేజీ అంబులెన్స్ గుమ్మంలోనే ఉంది. తోటి పిల్లలు స్ట్రెచర్ ఎత్తారు. వాళ్ళ వెనకే పరుగెత్తబోయిన బెగయిమ్ గడప దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, బల్ల మీద రొట్టె ముక్క గిల్లి నోట్లో వేసుకుని మళ్ళీ పరుగెత్తింది.

తాలాయ్‌బెక్ తన చేతిలో మిగిలిన రొట్టెను చూసుకున్నాడు.

"నాకూ ఎడమచేత్తోనే ఇచ్చింది," అన్నాడు మెల్లగా. సున్నా కొట్టేసి, పాస్ అని రాసి, సంతకం పెట్టి కాగితం అగాయ్ చేతిలో పెట్టాడు.

బండి కదిలింది. బెగయిమ్ ముందు డ్రైవర్ పక్కన కూర్చుని వైర్‌లెస్‌లో ఆసుపత్రికి వివరాలు చెబుతోంది. వెనక అగాయ్ ఒక్కడే. అపా కుడిచెయ్యి రెండు చేతుల్లో పెట్టుకుని, తను మాస్టారన్న సంగతి కూడా మరిచిపోయి ఏడుస్తున్నాడు. నీ గరిటె దెబ్బ లేకపోతే ఈ పిల్లలు నా మాట వింటారా అని ఏదేదో అంటున్నాడు.

అపా ఒక కన్ను తెరిచింది.

"సంతకం పెట్టాడా?"

మాట స్పష్టంగా ఉంది.

"పెట్టాడు," అన్నాడు అగాయ్ తెల్లబోయి.

అపా ఆ కుడిచేత్తోనే ఆయన కళ్ళు తుడిచింది.

"అయితే బండి వెనక్కి తిప్పమను, పొయ్యి మీద మాంసం మాడుతుంది. బతికున్న మనిషిని ఇవ్వమని మొత్తుకున్నావుగా, ఇచ్చాను."