చివరి చింతగింజలు

ఆ మడుగులో ప్రతి కొలువుకీ ఎన్నికే. పెద్దరికానికి, గట్టుకి, తూముకి, ఆఖరికి గుడ్ల కాపలాకి కూడా. నిలబడ్డవాళ్లలో నచ్చినవాళ్ల ముందు చింతగింజ వెయ్యాలి.

బాతు మొదట్లో ఒక్కొక్కరినీ నిలదీసి మరీ వేసింది. సగానికొచ్చేసరికి కాళ్లు పీకాయి. మిగిలిన గింజలు ఎవరి ముందు పడితే వాళ్ల ముందు రాల్చేసి ఇంటికెళ్లిపోయింది.

వానలు పడ్డాక చూస్తే తన గూట్లో గుడ్ల పెంకులే ఉన్నాయి.

"కాపలా ఎవరిది?" అంది బాతు ఏడుస్తూ.

"నీళ్లపాముది. నువ్వే వేశావుగా వదినా," అంది తాబేలు.

"నేనా?"

"నేనూ వేశాను. నాకూ కాళ్లు పీకాయి."

మరుసటి ఏడు పెద్దని మాత్రమే ఎన్నుకుని, తక్కిన కొలువుల్లో ఎవరిని పెట్టాలో ఆ పెద్దకే వదిలేద్దామనుకున్నారు. తప్పు జరిగితే ఎవరి గుమ్మం ఎక్కాలో తెలుస్తుందని.

బాతు ఆ ఒక్క గింజా ముక్కున కరచుకుని, నిలబడ్డవాళ్ల మొహాల్లోకి పొద్దువాలేదాకా చూస్తూనే ఉంది.