బాపు ఇంటికొచ్చే బొమ్మ

"మీ బాపు డ్యూటీ దిగి ఇంటికొచ్చినంక ఏం జేస్తడు బిడ్డా?"

గడపమీద కూర్చున్న ఆరేళ్ల బాలవ్వను ఎవరో మగమనిషి అడుగుతున్నాడు.

లోపల జొన్నరొట్టె కొడుతున్న తల్లి రాజక్క చేయి ఆగిపోయింది.

తొంగి చూసింది. తెల్లచొక్కా, చంకలో సంచి, ఒళ్లో కాగితాల కట్ట, చేతిలో పెన్సిలు. బొగ్గుబాయి కార్మికుల ఇళ్ల లైన్లో ఎన్నడూ చూడని ముఖం.



బొగ్గుబాయిలో మనిషి పోతే ఆఫీసు గుమాస్తా కాగితం పట్టుకుని వస్తాడు. ఆడవాళ్లకు చెప్పే ధైర్యం చాలక ముందు పిల్లలను పలకరిస్తాడు. మీ బాపు పేరేంది, మీరెంతమంది అని రాసుకుంటాడు. ఆ తర్వాతే అసలు సంగతి చెబుతాడు. లైన్లో ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు.

ఆమె పెనిమిటి పర్శరాములు పొద్దున ఫస్టు షిఫ్టుకు దిగాడు.

"మా బాపు నల్లగ దయ్యం లెక్క వస్తడు. మా మేకపిల్ల చూసి ఉరుకుతది," అంటోంది బాలవ్వ.

"ఉరుకుతదా! అప్పుడు బాపు ఏం జేస్తడు?"

"గాయిన గూడ మే... అనుకుంట దాని ఎంబడి పడ్తడు!"

ఆ మనిషి పకపకా నవ్వాడు. నవ్వుతూనే కాగితం మీద గబగబా ఏదో గీశాడు.

రాజక్క ఉరికొచ్చి బిడ్డను గుంజుకుంది.

"నీ కాళ్లు మొక్కుత. మా ఆయనకు ఏమైంది?"

"ఏం గాలేదక్కా. నేను..."

"ఏం గాకుంటే గీ కాగితాలెందుకు?"

ఆ కేకకు పక్కింటి ఐలవ్వ వచ్చింది. ఆమె గడపకు గుమాస్తా వచ్చి పన్నెండేళ్లయింది. కాగితాలు కనబడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"గట్లనే అంటరు! నాకు గూడ ఏం గాలేదనే చెప్పిండ్రు. రాయనియ్యకు రాజక్కా, రాస్తే అయిపోయినట్టే!"

అంటూనే కట్ట లాక్కుంది. వాకిట్లో భగభగా మండుతున్న బొగ్గు పొయ్యిలో పడేసింది.

"అయ్యో పెద్దమ్మా! అవి పిల్లలయి..." అతను పొయ్యిలో చేయి పెట్టాడు. ఒక్క కాగితమూ అందలేదు. వేళ్లు మాత్రం కాలాయి.

అప్పటికే ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని చుట్టుముట్టారు.

"నడువ్! మళ్ల మా లైను తొక్కకు!"

ఎవరో దుమ్మెత్తి పోశారు. కాలిన చేతిని చొక్కాలో చుట్టుకుని, అతను స్టేషను దారి పట్టాడు.

రాజక్క అది చూడలేదు. బాలవ్వను చంకనేసుకుని బాయి వైపు ఉరికింది.

గేటు దగ్గర చౌకీదారు ఆపాడు.

"ఎందుకంత పరేషాన్ అయితున్నవక్కా? లోపట అంత మంచిగనే ఉన్నది."

"గట్లనే అంటరు!" అంది రాజక్క.

షిఫ్టు దిగే సైరన్ మోగింది. మనుషులు పైకి వస్తున్నారు. అందరివీ ఒకే తీరు నల్లటి ముఖాలు. పదిమంది పోయారు. ముప్పైమంది పోయారు. ఎవరూ ఆగలేదు. ఎవరూ పలకరించలేదు.

ఇక ఎవరూ రావడం లేదు.

రాజక్క గేటు ఊచలు పట్టుకుంది.

"ఏందే, రొట్టె ఇక్కడికే తెచ్చినవా?"

అందరికన్నా వెనక, ఒక నల్లటి ముఖంలో తెల్లటి పళ్లు.

రాజక్క అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం బడిపంతులు రామచంద్రం లైన్లోకి వచ్చాడు.

"రాజక్కా, కైలాసమని ఒకాయన మీ దిక్కు వచ్చిండా? నేనే పంపిన."

"గా కాగితాలాయననా? ఎవలు సారూ గాయిన?"

"ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల కథ గీస్తుండు. చూస్తె చాలు, నవ్వాగది. బడిల ఉర్దూ పోయి తెలుగు సదువొచ్చి పదేండ్లాయె, బాయి పిల్లల కథ ఒక్క పుస్తకంల లేదని ఆర్నెల్ల సంది లైన్లన్ని తిరుగుతుండు. ఇగ ఒక్క బొమ్మనే మిగిలిందన్నడు, బాపు ఇంటికొచ్చే బొమ్మ."

ఐలవ్వ పొయ్యి వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్టేషనుకు ఉరుకుదాం సారూ," అంది రాజక్క.

"గాయిన ఎక్కే పెద్దపల్లి బండి ఎప్పుడో పోయింది."

"మల్ల గీస్తడా?"

"ఏమో రాజక్కా. ఆర్నెల్ల పనాయె."

రాజక్కే మళ్లీ అంది.

"బాపు ఇంటికొచ్చి ఏం జేస్తడని పిల్లనడిగిండు సారూ. గా మాటకే నా పానం పోయింది. గంత సదువుకున్నాయినకు గదొక్కటి ఎర్కలేదా?"

రామచంద్రం సారు తల దించుకున్నాడు.

"ఎర్కలేదు రాజక్కా. గాయిన మూడేండ్ల పిల్లగాడున్నప్పుడు, గీ లైన్లకెల్లే బాయికి పోయిన వాళ్ల బాపు మల్ల ఇంటికి రాలే."