ఆగే జబ్బు

"ఇదిగో, మళ్ళీ ఆగింది! జీను మీద ఇంత ఒరిగానో లేదో, రాయిలా నిలబడిపోయింది!"

జారిన రికాబులో కాలు సర్దుకుందామని మాస్టారు ఎడమపక్కకి వంగాడు, అంతే. తేనె అనే ఆ ఆడగుర్రం ముందుకాళ్ళు ఎడంగా పెట్టి, మెడ దించి, కదలనంటే కదలనంది. మడమలతో పొడిచాడు. కొరడా ఝళిపించాడు. ఊహూఁ.

"పేరు తేనె, బుద్ధి తేనెటీగ!" అని పళ్ళు కొరికాడు.

కంచె మీద కూర్చున్న కూతురు కిందికి దూకి వచ్చింది. ఆ లాయంలో గుర్రాలకి తర్ఫీదు ఇచ్చేది తండ్రీ కూతుళ్ళిద్దరే. తేడా అల్లా, ఆమె చేతిలో కొరడా ఉండదు.

"మొండితనం కాదు నాన్నా. మొండికేస్తే చెవులు వెనక్కి పడతాయి, తోక విసురుతుంది. దీని చెవులు చూడు, రెండూ నీవైపే తిప్పింది. నిన్నేదో అడుగుతోంది."

"గుర్రం అడగడమేమిటే? చెప్పింది చెయ్యాలి గానీ!"

"పోనీ, ఎందుకు ఆగుతోందో దీన్ని మనకి అప్పజెప్పిన ఆవిడకి ఫోన్ చేసి కనుక్కుందాం. పోయేదేముంది?"

"నా పరువు పోతుంది. ముప్పయ్యేళ్ళు గుర్రాలతో బతికినవాణ్ణి, ఇదెందుకు ఆగుతోందండీ అని ఒక పంతులమ్మని అడగనా? మేనేజరు పగలబడి నవ్వడూ?"

ఆయన భయం ఆయనది. కొరడా వాతలు చూసి ఇద్దరు పెద్దమనుషులు తమ గుర్రాల్ని తోలుకుపోయాక, మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఇదే ఆఖరు మాస్టారూ. ఈ గుర్రాన్ని చూసి ఆవిడ మెచ్చుకుంటే సరే. లేదంటే ఆ కొరడా మేకుకి తగిలించి ఇంటికెళ్ళండి." లాయం తప్ప మరో లోకం తెలియని మనిషి. ఇంటికెళ్ళి ఏం చేస్తాడు?

పంతులమ్మ అప్పజెప్పిన పని నిజానికి చిన్నది. "లారీ హారన్ వింటే బెదురుతోందండీ. ఆ భయం ఒక్కటి పోగొట్టండి చాలు. మిగతా అలవాట్లేవీ ముట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది" అంది. పక్కన పదమూడేళ్ళ కూతురు. గడ్డం కింద పాత కుట్ల మచ్చ. ఉన్నంతసేపూ తల్లి ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. "పాపని దీనిమీదైతేనే ఒంటరిగా పంపిస్తాను. సైకిలు కూడా ఎక్కనివ్వను" అని, ఇంకేదో చెప్పబోయి, పాప తల దించుకోవడం చూసి మింగేసింది.

మాస్టారు మీసాల చాటున నవ్వుకున్నాడు. తల్లికి గారాబం, పిల్లకి గారాబం, గుర్రానికి మరీ గారాబం! అయినా ముట్టుకోవద్దంటే ఊరుకోవడమేనా? జలుబని వచ్చినవాడికి గుండెజబ్బు కనిపిస్తే డాక్టరు ఊరుకుంటాడా?

లారీ భయం పది రోజుల్లో పోయింది. పోగొట్టింది మాస్టారి కూతురు. హారన్‌ని ముందు దూరంనుంచి వినిపించి, గుర్రం తల దించి కుదుటపడ్డాక ఆపి, మర్నాడు ఇంకాస్త దగ్గరనుంచి వినిపించి, ఓపిగ్గా చేసింది. పేరు మాత్రం మాస్టారికే వచ్చింది. కానీ ఆయన కన్నంతా ఆ ఆగే జబ్బు మీదే ఉంది. కూతురు భోజనానికి వెళ్ళినప్పుడల్లా తేనెని బయటికి తీశాడు. ఒరగడం, ఆగితే కొరడా. ఒరగడం, ఆగితే కొరడా.

వారం తిరిగేసరికి కూతుర్ని పిలిచి చూపించాడు. ఎడమకి ఒరిగాడు, కుడికి ఒరిగాడు, దాదాపు వేలాడాడు. తేనె నడుస్తూనే ఉంది.

"దండం దశగుణం అని ఊరికే అన్నారా? చూడవే, ఎంత బుద్ధిగా ఉందో!"

కూతురు దగ్గరికి వెళ్ళింది. డొక్కలమీద వాతలు. చెవులు పక్కలకి వేలాడుతున్నాయి. కళ్ళ ముందు చెయ్యి ఆడించినా చూపు కదల్లేదు.

"ఇది బుద్ధి కాదు నాన్నా. అడిగి లాభం లేదని ఊరుకుంది. ఛీ! నేనిప్పుడే మేనేజరుకి చెప్తాను."

"చెప్పు. కన్నకూతురే నా ఉద్యోగం ఊడగొట్టిందని నలుగురూ చెప్పుకుంటారు."

ఆమె నోరు కూడా మూతపడింది.

ఆదివారం మాస్టారు తేనె డొక్కలమీది వాతలు కనబడకుండా జీను కింద పొడవాటి దుప్పటి వేసి ఉంచాడు. తల్లీకూతుళ్ళు వచ్చారు. పాప పరిగెత్తుకొచ్చి తేనె మెడ వాటేసుకుంది. అది తల తిప్పలేదు.

"నన్ను మర్చిపోయిందేంటమ్మా?"

"చాలా రోజులైందిగా తల్లీ, దారిలో కలిసిపోతుందిలే."

అంతలో గేటు ముందునుంచి ఓ లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. తేనె బెదరలేదు. పంతులమ్మ కళ్ళు చెమర్చాయి. "మీ మేలు మర్చిపోనండీ" అని చేతులు జోడించింది. మేనేజరు మాస్టారి భుజం తట్టి, "మీరు లేకపోతే ఈ లాయం లేదు" అన్నాడు. మాస్టారి ఛాతీ ఉబ్బింది. కూతురు మాత్రం గడ్డి మోపు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడింది.

పాప జీనెక్కింది. "అమ్మా, నేను ముందు పోతుంటా. నువ్వు సంతకాలు పెట్టేసి రా."

"వెళ్ళమ్మా. తేనె ఉందిగా, నాకు నిశ్చింత."

గుర్రం గేటు దాటి, రోడ్డెక్కి, మలుపు తిరిగి కనుమరుగైంది.

పంతులమ్మ కలం తీసింది. మాస్టారు ఇక ఆపుకోలేకపోయాడు.

"ఇంకోటి కూడా ఉందండోయ్! మీరు అడక్కపోయినా చేశాను. మనిషి పక్కకి ఒరిగితే చాలు, నిలబడిపోయే జబ్బొకటి ఉండేది దీనికి. మాన్పించేశాను. ఇప్పుడు మీదున్నవాళ్ళు జారి పడిపోతున్నా సరే, ఆగదు!"

కలం కిందపడింది.

"జబ్బు కాదండీ అది... రెండేళ్ళు కష్టపడి నేనే నేర్పించాను" అంటూ ఆవిడ అప్పటికే గేటువైపు పరుగు తీసింది.

"ఎందుకండీ?" అన్నాడు మాస్టారు. ముప్పయ్యేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"మా పాపకి మూర్ఛలొస్తాయి."