జ్వరం లేని మనిషి

“జ్వరమే లేని ఊళ్లో మలేరియా పరిశోధనేమిటి? ఇవాళే మూసెయ్,” అన్నాడు డైరెక్టర్ మోహన్‌కృష్ణ.

“క్రిమి ఒంట్లో దాక్కుంటుంది సార్. జ్వరం లేనివాళ్ల రక్తమే చూడాలి,” అంది కృపావతి. ఈ అరకు కొండల్లోనే పుట్టి శాస్త్రవేత్త అయిన మనిషి ఆమె.

“ఎవరిస్తారు?”

ఎదురుగా కూర్చున్న ఊరిపెద్ద సోములమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. “మాకేటీ జొరం నేదు. ముందు నీ ఏలు పొడుసుకో గుంటా!”

కృపావతి తన వేలే పొడుచుకుంది. నెత్తురుచుక్కను గాజుపలకపై పూసి, రంగు వేసి, ఆరాక మైక్రోస్కోపులో చూసింది. చాలాసేపు తలెత్తలేదు. తర్వాత పక్కకు జరిగింది.

“మీరూ చూడండి సార్.”

ఆయన కన్ను ఆనించాడు. ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాల్లా మలేరియా క్రిములు.

“నువ్వు వెంటనే ఆసుపత్రిలో చేరాలి!”

“పొద్దున ఈ కొండ మీకంటే ముందే ఎక్కాను సార్. మందు నా సంచిలోనే ఉంది, వేసుకుంటాను. నాకూ జ్వరం లేదు. ఇప్పుడు మూసెయ్యమంటారా?”

ఆయన మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు.

సోములమ్మ ఆయన్ని పక్కకు తోసి, కృపావతి ముందు చెయ్యి చాపింది.

“ఆయన్నేటడుగుతావు? బేగి పొడువు.”