రాయికో గులకరాయి

"ఒక గులకరాయి తక్కువొచ్చింది అన్నయ్యగారూ," అంది లెక్కల టీచర్, ఖాళీ గుడ్డసంచి దులిపి చూపిస్తూ.

పెద్దాయన ప్రహరీ మూల తవ్వుతున్న గుంటలోంచి పైకొచ్చాడు. "దారిలో ఎక్కడో పడేసుంటారమ్మా."

"ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. నలభై ఒకటీ పెట్టాను. నలభై రెండో సమాధికి రాయి లేదు."

"ఉన్నవే నలభై ఒకటి. చచ్చినవాళ్లకి పిల్లలు పుట్టరు కదమ్మా!"

టీచర్‌కి నవ్వు రాలేదు.

ఆ పాత సమాధి మందిరం చుట్టూ, ఎప్పటి యుద్ధంలోనో పోయిన సైనికుల సమాధులున్నాయి. పేర్లు అరిగిపోయి అన్నీ ఒకేలా ఉంటాయి. ప్రతి ఆదివారం వచ్చి కలుపు పీకి, రాళ్లు కడిగే సేవాబృందానికి ఒక పద్ధతి ఉంది. కడిగిన ప్రతి సమాధి మీదా ఒక గులకరాయి పెట్టాలి. సంచిలో వాటిని లెక్కపెట్టి వేసిచ్చేది పెద్దాయన. ఒకప్పుడు రాళ్లు చెక్కి బతికిన మనిషి. ఇక్కడున్న ఏ ఒక్కరికీ రాయి లేకుండా పోకూడదని ఆయన పట్టుదల.

పెట్టే పని మొన్నటిదాకా పోస్ట్‌మాస్టర్‌ది. ఈ స్థలం ప్రభుత్వానికి అప్పగించేద్దామని పెద్దాయనతో గొడవపడి, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడట. తర్వాత వానలతో నెల్లాళ్లు పని ఆగింది. ఈరోజే టీచర్‌కి ఆ సంచి చేతికొచ్చింది.

ఆమె ఆయన్ని వెనక వరుసకు తీసుకెళ్లింది. చివరి రాయి మీద నాచును గోటితో గీకితే అట్టలా ఊడొచ్చింది. లోపల రాయి కొత్తగా మెరిసింది.

"ఈ నాచు ఎవరో అతికించారు! దొంగసొత్తేదో పాతిపెట్టి ఈ నాటకం ఆడుతున్నారు. పురావస్తు అధికారికి చెప్పాల్సిందే."

పెద్దాయన ముఖం వాడిపోయింది. "పాపం, ఒకరికి రాయి లేకుండా పోయిందన్నమాట," అని గొణిగి, వెంటనే తేరుకున్నాడు. "నేను చెప్తా. ఫొటోలు పంపాలి, మీ ఫోన్ ఇటివ్వండి."

అధికారి వచ్చేదాకా ఎవరూ ఇక్కడ తొక్కకూడదని మిగతావాళ్లను పంపేశాడు. గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. దొంగలు తిరిగొస్తారేమోనని హడలిపోతున్న టీచర్‌కి అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ గుంటెందుకన్నయ్యగారూ?"

"గన్నేరు మొక్కకి."

"మొక్కకి ఇంత పొడుగా?"

"వేళ్లు సుఖంగా చాచుకోవాలి కదమ్మా."

నాలుగున్నరైంది. అధికారి రాలేదు. పెద్దాయన గులకరాళ్లన్నీ ఏరుకొచ్చి, సంచి నింపి ఇచ్చాడు.

"ఆయనొచ్చేలోపు ఇంకోసారి పెట్టండి. మీ లెక్కనే రాసుకుంటారు. ఈసారి జాగ్రత్తగా ఎంచి వేశాను, ఎవరికీ తక్కువ రాదు."

టీచర్ ఒక్కో సమాధి మీదా పెట్టుకుంటూ పోయింది. గోడవైపు ఆకులు కదిలినప్పుడల్లా ఆగి అటు చూసింది. నలభై. నలభై ఒకటి. కొత్త రాయి మీద కూడా ఒకటి పెట్టింది.

"సరిపోయాయి అన్నయ్యగారూ! నా లెక్కే నిజం!" అని గట్టిగా అరిచింది.

"మీ లెక్క తప్పుతుందా!" గొంతు బాగా దగ్గర్నుంచి వినిపించింది. పార నేలకు రాసుకుంటున్న చప్పుడు కూడా.

టీచర్ అలవాటుగా సంచి దులిపింది.

ఇంకొక గులకరాయి ఆమె చేతిలో పడింది.