పన్నెండో రాత్రి నక్క

నక్కను రప్పించడానికి డ్రికుస్ నోటికి చేతులడ్డం పెట్టుకుని, చావబోయే కుందేలులా కీచుమన్నాడు. ట్రక్కు వెనక నిలబడి అతని భార్య సారెల్ చీకట్లోకి దీపం తిప్పింది. పదకొండు రాత్రులుగా అతనొక్కడే కాపు కాశాడు. ఆరు గొర్రెపిల్లలు పోయాయిగానీ నక్క చావలేదు.

"నన్ను ప్రేమించినప్పుడు కూడా ఇంత తియ్యగా పిలవలేదయ్యా నువ్వు!"

"నోరు ముయ్యవే. వింటుంది."

పొదల్లో రెండు కళ్ళు మెరిశాయి.

"కాల్చు!"

"ఉండవే. దొంగముండ, ఎలా వాసన చూస్తోందో చూడు. నిన్నయితే ఆ రాయి దాకా వచ్చింది."

"వస్తే ఎందుకు కాల్చలేదు?"

డ్రికుస్ తుపాకీ ఎత్తకుండా మళ్ళీ కుందేలులా కీచుమన్నాడు.

సారెల్ దీపం అతని చేతిలో పెట్టి, తుపాకీ లాక్కుని ఒక్క దెబ్బకు నక్కను పడగొట్టింది.

డ్రికుస్ చుట్టం పోయినవాడిలా నిలబడ్డాడు. "ఇంక రేపట్నించి పెందలాడే పడుకోవాలి కాబోలు."

సారెల్ తిట్టబోయి ఆగింది. తన గుండె దడదడలాడుతోంది. నిద్రన్నది ఎటో ఎగిరిపోయింది.

"పక్క పొలంవాడు గావీ మందలోనూ నక్క పడుతోందన్నావు కదూ?"

"ఆఁ, అయితే?"

"రేపు పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ తెస్తాను. ఆ కుందేలు కూత నాకూ నేర్పయ్యా."